ఎర్ర బిళ్ల తగిలించిన మంచం

ఆమె గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు. చెప్పులు విడిచింది. మళ్లీ తొడుక్కుంది. మళ్లీ విడిచింది.

"లోపలికి రామ్మా. బయటే నుంచుంటే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తారు," అన్నారు తాపీ మాస్టారు.

ఆ మాట పనిచేసింది. చూస్తారన్న భయంతోనే ఆమె గబుక్కున లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

తాపీ మాస్టారు ప్రైవేటు డిటెక్టివు. ఏ పనికీ తొందరపడరని జనం పెట్టిన పేరది. ఆయన దగ్గర పనిచేసే ఆమెను పిడుగు అంటారు. మాస్టారు మొదలుపెట్టిన మాట ఆమె పూర్తి చేస్తుంది. చాలాసార్లు తప్పుగా పూర్తి చేస్తుంది. అయినా మాస్టారంటే ఆమెకు ప్రాణం. ఆయన చెప్పుకి మేకు కొట్టుకుంటున్నా అందులో ఏదో తెలివి ఉంటుందని చూస్తూ కూర్చుంటుంది.

వచ్చినామె మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుంది. గుండ్రటి మొహం. చెక్కిళ్ల మీద మాస్కు దారాలు ఒత్తిన గీతలు తప్ప ఇంకే గుర్తూ లేదు. కన్నీళ్లతో గడ్డం దాకా తడిసి ఉంది.

"నేను నర్సునండి. పెద్దాసుపత్రిలో, ఆపరేషన్ల వార్డులో. ఒక మనిషిని చంపబోయానంటున్నారు."

"చంపబోయావా?"

"లేదండి."

"మరి తల ఎందుకు దించుకున్నావు?"

"అందరూ అదే మాట అంటుంటే నాకే అనుమానం వచ్చేస్తోందండి. నిజంగా నేనే చేశానేమోనని."

మాస్టారు చెప్పుకి మేకు కొడుతున్న సుత్తి పక్కన పెట్టారు. "మొదట్నుంచీ చెప్పు."

ఆమె చెప్పింది. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు ఒకాయన కడుపు ఆపరేషన్‌కి చేరాడు. ఆపరేషన్ రోజు పొద్దున నోటికి ఏమీ ఇవ్వకూడదు. అలాంటి మంచానికి తలవైపు కొక్కేనికి ఎర్ర బిళ్ల తగిలిస్తారు. ఆమె తన చేత్తోనే తగిలించింది. కానీ మత్తు ఇచ్చాక ఆయన నోట్లోంచి పాలు వచ్చాయి. ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ప్రాణం పోయినంత పనైంది. వార్డులోకి పరుగున వచ్చి చూస్తే కొక్కేనికి బిళ్ల లేదు. స్పృహ వచ్చాక ఆయన్ని అడిగారు, పాలు ఎవరిచ్చారని. మంచం పక్కన ఉన్న బోర్డు మీద ఆమె ఫోటో చూపించాడు.

"బిళ్ల తగిలించడం మర్చిపోయి నేనే పాలిచ్చానంటున్నారు. నన్ను పనిలోంచి ఆపేశారు. రేపు పొద్దున కమిటీ. వాళ్లు తప్పు నాదే అంటే ఇంక ఎక్కడా నర్సు పని చేయనివ్వరు. ఆయన భార్య నడవాలో అందరి ముందూ నన్ను పట్టుకుని, పాలు పోసి చంపే చెయ్యి ఇదేనా అని అడిగింది. మా అమ్మకి ఇంకా చెప్పలేదండి. రోజూ క్యారేజీ కట్టుకుని బయల్దేరుతున్నాను. పార్కులో కూర్చుని తినేసి, డ్యూటీ దిగే వేళకి ఇంటికి పోతున్నాను."

పిడుగు లేచి నుంచుంది. "ఇంకేముంది సార్, ఆ భార్యే పాలు పట్టి ఉంటుంది! అందుకే అంత అరుపు."

"అయితే కేసు అయిపోయింది. చెప్పులేసుకో, వెళ్లి ఆవిణ్ణి పలకరించి వద్దాం," అన్నారు మాస్టారు.

* * *

ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఇద్దరికీ మాస్కులిచ్చారు. లోపల పేషెంట్లు తప్ప అందరూ మాస్కు కట్టుకునే ఉండాలి. అక్కడ అది గట్టి నియమం. డాక్టరైనా ఊడ్చే మనిషైనా కనిపించేది కళ్లే.

సూపరింటెండెంటు వాళ్లను వార్డులోకి తీసుకెళ్లి ఒక బోర్డు ముందు నిలబెట్టాడు.

"ఇది నా ఆలోచనేనండి. మాస్కుల వెనక ఎవరెవరో తెలియక పేషెంట్లు కంగారు పడేవాళ్లు. సూది వేసినవాళ్లు డాక్టరో నర్సో కూడా చెప్పలేకపోయేవాళ్లు. అందుకని ప్రతి మంచానికీ ఒక బోర్డు. మీ డాక్టరు, మీ నర్సు, మీకు మత్తిచ్చేవారు, మీతో వ్యాయామం చేయించేవారు. అన్నీ మాస్కు లేని నవ్వు మొహాలు. ఎలా ఉంది?"

"బాగుంది. తిండి పెట్టేవాళ్లు లేరే?"

"వాళ్లు వైద్యం చేసేవాళ్లు కాదు కదండీ."

"అవునవును," అన్నారు మాస్టారు. "ఆ కాంట్రాక్టరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఇంకేం చెప్పాలండి, వేలు పెట్టి చూపించాడు. ఈవిడే, గడ్డం మీద పుట్టుమచ్చ, నాకు బాగా గుర్తుంది అన్నాడు. ఫోటో చూశాం. మచ్చ ఉంది. పేషెంటుకి అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది?"

"ఆమెనడిగారా?"

"పిలిపించి అడిగాం. నేను కాదండీ అని తల దించుకుంది. తప్పు చేయనివాళ్లు అలా దించుకుంటారా?"

మాస్టారు కాంట్రాక్టరు మంచం వైపు నడిచారు.

కాంట్రాక్టరు ప్రాణం దక్కించుకుని అదే మంచానికి తిరిగొచ్చాడు. ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంది. వెడల్పు మొహం, గడ్డం మధ్యలో లోతుగా ఒక సొట్ట. పక్కన స్టూలు మీద భార్య. పైన బోర్డు. నర్సు ఫోటోలో గడ్డం మీద నల్లటి చుక్క స్పష్టంగా కనిపిస్తోంది. మాస్టారు దాన్ని కాసేపు చూశారు. తర్వాత పక్క మంచం బోర్డు దగ్గరికి వెళ్లి దాన్నీ చూశారు. రెండు బోర్డుల మీదా నర్సు ఫోటో ఒకటే.

"నువ్వేం చూడటానికొచ్చావయ్యా? నేనింకా బతికున్నానా లేదా అనా?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఆ పొద్దున పాలు ఎలా ఇచ్చిందండి, ఆ అమ్మాయి?"

"ఎలా ఏముంది? గ్లాసులో ఇచ్చింది. తాగాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

"చెబితే వినరుగా ఎవరూ!" అని భార్య అందుకుంది. "మీగడ తీయకుండా ఇస్తారండీ ఇక్కడ. ఈయనకి మీగడ నోట్లో పడితే డోకు. చిన్నప్పట్నుంచీ అంతేట. వచ్చిన ప్రతి నర్సుకీ చెప్పలేక చస్తున్నాను. ఆ అమ్మాయి అయితే తలూపేసి వెళ్లిపోయేది. ఆ తలూపుడు చూసినప్పుడే అనుకున్నా."

"మీరు ఆ పొద్దున ఇక్కడే ఉన్నారా అమ్మా?"

"ఎక్కడండీ! టైము కాలేదని గేటు దగ్గరే ఆపేశారు. నేను లోపలికొచ్చేసరికి ఈయన్ని తీసుకెళ్లిపోయారు."

పిడుగు మొహం చిన్నబోయింది.

అప్పుడే గరగరమని చప్పుడైంది. పాలు, టీ బండి వార్డులోకి వచ్చింది. తోసే మనిషి సన్నగా, కాస్త వంగి ఉన్నాడు. వార్డులో పేషెంట్లూ నర్సులూ అందరూ ఆయన్ని బండి బాబాయ్ అంటారు.

"బాబాయ్, ఇవాళైనా టీలో టీ ఉందా?" అని ఒక పేషెంటు అడిగాడు.

"నీకోసం వేరే దాంట్లో కాచాను అల్లుడూ, ఎవరికీ చెప్పకు," అన్నాడు బండి బాబాయ్.

ప్రతి మంచం దగ్గరా ఆగి పాలా టీనా అని అడుగుతున్నాడు. ఒక మంచానికి ఎర్ర బిళ్ల ఉంది. దాని దగ్గర ఆగలేదు. చూపు కూడా తిప్పకుండా నెట్టుకుపోయాడు. కాంట్రాక్టరు మంచం దగ్గర ఆగాడు. అక్కడ ఏమీ అడగలేదు. పాలు పోశాడు, చెంచాతో మీగడ తీసి అవతల పడేశాడు, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అందరి మీదా గదమాయించే కాంట్రాక్టరు ఆ కాసేపూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బండి ముందుకి కదిలాక ఇటు తిరిగాడు. అది తలుపు దాటేదాకా చూస్తూనే ఉన్నాడు.

"మీరు చెప్పారా అమ్మా, ఆయనకి మీగడ సంగతి?" అన్నారు మాస్టారు భార్యతో.

"బండివాడికా? వాడితో నాకేం మాటలండీ?"

నడవాలో వార్డు పనులు చూసే ఆయమ్మ మాసిన దుప్పట్లు మూట కడుతోంది. మాస్టారు దగ్గరికెళ్లి ఆ రోజు కాంట్రాక్టరు పక్క తీసింది ఎవరని అడిగారు.

"నేనే బాబూ. ఏమైంది?"

"ఎర్ర బిళ్ల ఏమైనా కనిపించిందా?"

"దిండు గలీబులో ఉంది. ఉతుక్కి వేస్తూ దులిపితే కింద పడింది. ఊడి అందులో పడుంటుందనుకున్నా. మళ్లీ కొక్కేనికి తగిలించేశా."

"ఎవరికీ చెప్పలేదా?"

"నన్నెవరడిగారు బాబూ?"

మాస్టారు మళ్లీ వార్డులోకి వెళ్లారు. భార్య అప్పటికి మందులు తేవడానికి వెళ్లింది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఇంకెవరికీ వినపడకుండా, "రేపు పొద్దుటిదాకా టైముంది. మీ అంతట మీరు చెబితే మీకూ గౌరవంగా ఉంటుంది," అన్నారు.

కాంట్రాక్టరు దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను," అని గోడ వైపు తిరిగాడు.

* * *

మర్నాడు సూపరింటెండెంటు గదిలో అందరూ కూర్చున్నారు. కమిటీ డాక్టర్లు బల్ల వెనక. చక్రాల కుర్చీలో కాంట్రాక్టరు, పక్కన భార్య. గోడకి ఆనుకుని నర్సు. తలుపు దగ్గర ఆయమ్మ, బండి బాబాయ్. వీళ్లనెందుకు పిలిపించారని సూపరింటెండెంటు విసుక్కున్నాడు. కాంట్రాక్టరు మంచం పక్కన ఉండే బోర్డు ఊడదీసి బల్ల మీద పెట్టారు.

"పాలిచ్చింది ఎవరండీ?" అన్నారు మాస్టారు.

"అదిగో, ఆ నర్సు," అన్నాడు కాంట్రాక్టరు ఆమె వైపు చూడకుండా.

"ఎలా గుర్తుపట్టారు?"

"గడ్డం మీద పుట్టుమచ్చ."

"ఆ పొద్దున ఆమె మాస్కు తీసిందా?"

కాంట్రాక్టరు నోరు తెరిచేలోపే సూపరింటెండెంటే అన్నాడు, "వార్డులో మాస్కు ఎలా తీస్తారు? తీస్తే నేను ఊరుకుంటానా?"

"మరి మాస్కు కిందున్న గడ్డం ఈయనకెలా కనిపించింది?"

సూపరింటెండెంటు కాంట్రాక్టరు వైపు తిరిగాడు.

"అమ్మా, ఇప్పుడు తీయి," అన్నారు మాస్టారు.

నర్సు మాస్కు తీసింది. గడ్డం మీద మచ్చ లేదు.

సూపరింటెండెంటు బోర్డు దగ్గరికి లాక్కుని, గోటితో ఆ చుక్కని గీకాడు. ప్లాస్టిక్ కింద ఉంది, రాలేదు.

"అది సిరా చుక్క," అన్నారు మాస్టారు. "అతికించేటప్పుడు పడింది. పక్క మంచం బోర్డు మీద ఇదే ఫోటోకి ఆ చుక్క లేదు. ఈయన మనిషిని చూసి చెప్పలేదు, ఫోటో చూసి చెప్పాడు. అది సరే. ఇన్నాళ్లూ ఈ అమ్మాయి మీ ముందే నుంచుంది. మీరందరూ ఫోటోనే చూశారు. ఒక్కసారి మాస్కు తీయమ్మా అని అడగాలని ఎవరికీ తోచలేదు."

కమిటీలో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. సూపరింటెండెంటు బోర్డుని బోర్లా తిప్పాడు, ఆ నవ్వు మొహాల్ని తను చూడలేనట్టు.

"మరి బిళ్ల?" అంది పిడుగు. ఇంక ఆగలేకపోయింది.

"ఆయమ్మకి అది దిండు గలీబులో దొరికింది. ఊడిన బిళ్ల నేల మీద పడుతుంది. గలీబులోకి తనంతట తను దూరదు. దూర్చింది ఆ దిండు మీద పడుకున్నవాడే."

"ఆకలేసి దాచేశాడు!"

"నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ వట్టి ఆకలైతే నర్సుని ఇరికించేటంత భయమెందుకు? ఆకలేసింది, తాగేశాను అంటే సరిపోయేది. నిన్న ఆ బండి నడక చూశావుగా. ఎర్ర బిళ్ల ఉన్న మంచం దగ్గర అది ఆగదు. బిళ్ల తీసేస్తే ఆగుతుంది. ఈయనకి కావలసింది పాలు కాదు. ఆపరేషన్‌కి వెళ్లేముందు ఆ బండి తన దగ్గర ఒక్కసారి ఆగాలి. అంతే."

బండి బాబాయ్ తలుపు పట్టుకుని నుంచున్నాడు.

"అందర్నీ పాలా టీనా అని అడిగే మనిషి ఈయన్ని అడగలేదు," అన్నారు మాస్టారు. "మీగడ తీసి పోశాడు. ఆవిడ చెప్పలేదు. నర్సులకి చెప్పినా గుర్తుండదు. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది." ఆయన గొంతు తగ్గింది. "బండి బాబాయ్, ఇది నీ చేత చేయించాలని నాకు లేదు. నువ్వూ మాస్కు తీస్తావా?"

ఆయన వెంటనే తీయలేదు. చక్రాల కుర్చీ వైపు చూశాడు. ఒకప్పుడు అలవాటైన చూపులా ఉంది అది, అనుమతి అడుగుతున్నట్టు. కాంట్రాక్టరు కళ్లు మూసుకున్నాడు. బండి బాబాయ్ మాస్కు తీసేశాడు.

అదే వెడల్పు మొహం, కాస్త చిక్కింది. గడ్డం మధ్యలో అదే సొట్ట.

భార్య ఆ మొహం చూసింది. ఈ మొహం చూసింది. "ఎవరండీ ఈయన?"

"మా తమ్ముడు," అన్నాడు కాంట్రాక్టరు కళ్లు తెరవకుండానే.

"పోయాడన్నారుగా! మన పెళ్లికి ముందే పోయాడన్నారు. ఏటా పూలదండ వేయిస్తున్నారు కదండీ నాచేత, ఆ ఫోటోకి!"

కాంట్రాక్టరు చేతులు కుర్చీ అంచుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"నేను కట్టిస్తున్న మొదటి ఇల్లు. పరంజా కూలి పనివాడొకడు పోయాడు. కుళ్లిన కర్రలు వాడింది నేను. నా మీదకి రాకుండా వీడి పేరు చెప్పాను. వీడు కాదనలేదు. జైలుకి పోయాడు. బయటికొచ్చిన రోజు నేను గేటు దగ్గరికి పోలేదు. నీకు చెప్పడానికి నోరు రాక, పోయాడన్నాను." తలుపు వైపు తల తిప్పాడు. "ఇక్కడ మాస్కు వెనకున్నా వీణ్ణి నడకని బట్టి గుర్తుపట్టేశాను. ఆపరేషన్‌లో పోతే ఇంక వీణ్ణి చూడలేను కదా అనిపించింది. బిళ్ల దాచాను. వీడు గ్లాసు చేతికిచ్చాడు. వద్దని ఎలా అనేది? అన్నేళ్ల తర్వాత వీడు తన చేత్తో ఇచ్చిన పాలు. తాగేశాను."

"తర్వాత అడిగినప్పుడు?"

"అడిగేసరికి ఇది పక్కనే ఉంది," అన్నాడు భార్య వైపు తల ఆడిస్తూ. "బండివాడు అంటే వీణ్ణి పిలుస్తారు. పిలిస్తే అంతా బయటపడుతుంది. అందుకని..."

"నన్నే ఎందుకు చూపించారండీ?" అంది నర్సు. ఆమె గట్టిగా అడగలేదు. "నేనేం చేశాను మీకు?"

"ఏం చేయలేదమ్మా. పడుకుంటే కళ్లకి ఎదురుగా ఉన్నది నీ ఫోటో. అంతే."

ఆ 'అంతే' అన్న మాట అన్నాక ఆయనకే అదెలా వినపడిందో తెలిసినట్టుంది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మళ్లీ అదే పని చేశాను. అప్పుడు వీడి మీదకి తోశాను, ఇప్పుడు నీ మీదకి."

నర్సు ఆయన్ని వదిలి తలుపు వైపు తిరిగింది. "బాబాయ్, నీకు తెలుసుగా?"

బండి బాబాయ్ మాస్కుని చేతుల్లో నలుపుతున్నాడు. "బిళ్ల లేదు కదాని ఇచ్చానమ్మా. తర్వాత తెలిసింది. చెబుదామనుకున్నా. చెబితే అన్నయ్య..." ఆగిపోయాడు.

"నన్ను బయటికి పంపిన రోజు కూడా నాకు టీ ఇచ్చావు. పంచదార ఎక్కువేశావు."

బండి బాబాయ్ నేల చూస్తూ నుంచున్నాడు. ఆ గదిలో ఇంకొకరి మొహంలోకి చూడగలిగినవాళ్లు ఎవరూ లేరు. నర్సు ఒక్కతే తల ఎత్తుకుని ఉంది. తను తల ఎత్తుకుని ఉన్నానని ఆమెకే తెలియలేదు.

సూపరింటెండెంటు లేచాడు. ఆమె మీద పెట్టిన నేరం ఆ క్షణమే కొట్టేస్తున్నామన్నాడు. క్షమించమని కూడా అన్నాడు, కానీ బల్లకేసి చూస్తూ అన్నాడు. నర్సు కదలలేదు. ఆయన తల ఎత్తి, ఆమె మొహం చూసి, మళ్లీ అన్నాడు.

బయటికొచ్చాక పిడుగు ఉండబట్టలేకపోయింది. "ఎంత బాగా పట్టారు సార్! ఒక్క చుక్కతో మొదలుపెట్టి..."

"భార్య ముందు ఒక మనిషి ముసుగు లాగాను. అందులో బాగేముందమ్మా?" అన్నారు మాస్టారు. "నిన్ననే ఆయన చెప్పుంటే ఈ తద్దినం ఉండేది కాదు. ఒక్కసారే అడిగాను. ఇంకోసారి అడగాల్సింది. నడు, ఆ అమ్మాయి పార్కుకి పోకుండా ఇంటికే పోతోందేమో చూద్దాం."

* * *

కాంట్రాక్టరుకి ఆపరేషన్ మళ్లీ పెట్టారు.

ఆ పొద్దున నర్సు మంచానికి కాస్త దూరంలో ఆగి మాస్కు కిందికి లాగింది. బండి బాబాయ్‌తో సహా ఆ వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరూ కొత్తగా అలాగే చేస్తున్నారు. "నేను మీ నర్సుని. ఇవాళ మీకు నోటికి ఏమీ ఇవ్వకూడదు," అని మాస్కు పైకి లాక్కుని, ఎర్ర బిళ్ల కొక్కేనికి తగిలించింది. సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసింది. మాస్కు కిందికి ఉన్నంతసేపూ కాంట్రాక్టరు ఆమె మొహంలోకి చూడాలనుకున్నాడు. గడ్డం దాకానే చూడగలిగాడు.

భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి ఆయనతో మాటలు లేవు. దుప్పటి సర్దుతుంది, మందులిస్తుంది, మాట్లాడదు.

గరగరమని బండి వచ్చింది. ఒక్కొక్క మంచం దాటుతూ దగ్గరైంది. ఎర్ర బిళ్ల చూశాడు బండి బాబాయ్. నెట్టుకుని పోయేవాడే. కానీ భార్య లేచి, స్టూలు వెనక్కి జరిపి, బండికి చోటిచ్చింది.

బండి ఆగింది.

"పాలు ఇవ్వకూడదు," అన్నాడు తమ్ముడు.

"పాలెవడడిగాడ్రా," అన్నాడు అన్న గోడ వైపు తిరక్కుండా. "కాసేపు నుంచో."